ఇల్లంతా మోత పెడుతున్న స్ట్రాట్ తరహా గిటారు: బాగుచేయించాలా, హంబకర్లున్న గిటారుకు మారాలా?

తీరవాసి (కాకినాడ):

సభ్యులందరికీ నమస్కారం. నా వద్ద స్ట్రాటోకాస్టర్ తరహాలో చేసిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2019లో, ఒక పరిచయస్థుడి దగ్గర వాడినదే కొన్నాను. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒంటి తీగచుట్ట ఉన్న భాగాలు), ఐదు స్థానాల స్విచ్, ఆరు మరలతో బిగించిన ట్రెమెలో బ్రిడ్జి (తీగల కింది కొసలు ఆనే, పిడితో ఊగించగల భాగం) ఉన్నాయి. ట్రెమెలో పిడిని నేను ఎన్నడూ వాడలేదు. అది ఇప్పుడు ఎక్కడ ఉందో కూడా తెలియదు. ఆదివారాలు మా మందిరంలో ఆరాధనకు వాయిస్తాను, పెళ్ళిళ్ళ కాలంలో మిత్రుల ఆర్కెస్ట్రాతో అప్పుడప్పుడు వెళతాను.

మొదటి సమస్య మోత. ఇంట్లో గిటారును యాంప్లిఫయర్‌కు కలిపిన క్షణం నుంచి, తీగ మీటకపోయినా, ‘గుంయ్’మని లోతుగా ఒక శబ్దం వస్తూనే ఉంటుంది. స్విచ్‌ను 2, 4 స్థానాల్లో పెడితే అది చాలావరకు అణగిపోతుంది. 1, 3, 5 స్థానాల్లో తిరిగి వస్తుంది. దానిపైన ‘జీ’మని సన్నని శబ్దం మరొకటి ఉంది. పంకా రెగ్యులేటర్‌ను మూడు మీద పెడితే ఈ రెండోది బాగా పెరుగుతుంది, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. ఇదే గిటారు, ఇదే కేబుల్, ఇదే యాంప్లిఫయర్ మందిరానికి తీసుకువెళితే ‘జీ’ దాదాపు వినిపించదు.

రెండో సమస్య వాయించడంలో ఉంది. మూడో తీగను, అంటే జి తీగను, లాగి వదిలితే నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గర ‘టిక్’మని, శ్రుతి తప్పిపోతుంది. మెడ మధ్యభాగంలో తీగలు ఎత్తుగా అనిపిస్తున్నాయి, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దాటాక జరజరలాడుతున్నాయి. కాకినాడకు వచ్చాక ఇవి మొదలయ్యాయి కనుక ఉప్పుగాలి కారణమని నా అనుమానం. వచ్చిన కొత్తలోనే పాత 9-42 తీగలు (ఈ అంకెలు అతి సన్నని, అతి లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తుప్పు పట్టడంతో 10-46 తీగలు వేసుకున్నాను, అవి ఎక్కువ కాలం మన్నుతాయని.

ఊళ్ళో ఒక దుకాణంలో చూపించగా ఐదు నిమిషాలు తిప్పి చూసి, మెడ వంగిపోయిందని, పికప్‌లు పోయాయని, దీని మీద పెట్టే ప్రతి రూపాయీ దండగేనని చెప్పారు. నా గిటారుకు 6,000 రూపాయలు కట్టి, పైన 22,000 ఇస్తే హంబకర్లు (మోతను రద్దుచేసే జంటచుట్టల పికప్‌లు) ఉన్న లెస్ పాల్ తరహా గిటారు ఇస్తామన్నారు. మారడం మంచిదా, దీన్నే బాగుచేయించడం మంచిదా? అన్నట్టు, ఇంట్లో మైకును చిన్న మిక్సర్‌కు కలుపుకొని పాడుతూ వాయిస్తున్నప్పుడు, పెదవి మైకుకు తగిలితే ఒక్కోసారి చీమ కుట్టినట్లు జివ్వుమంటుంది. అది పెద్ద విషయం కాదనుకుంటాను.

మూడో పిన్ను:

గిటారు సంగతి తరువాత చూద్దామండీ. మీరు ‘అన్నట్టు’ అని చివర చేర్చిన ఆ జివ్వుమనడమే మీరు రాసిన వాటన్నిటిలోకీ పెద్ద విషయం. మిక్సర్, యాంప్లిఫయర్ రెండిటి ప్లగ్గులూ తీసివేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేవరకు మైకునూ గిటారునూ కలిపి వాడకండి.

ఎలక్ట్రిక్ గిటారులో తీగలు బ్రిడ్జికి, బ్రిడ్జి ఒక వైరు ద్వారా జాక్‌కు (కేబుల్ గుచ్చే చోటుకు), జాక్ కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ లోహపు చట్రానికి, ఆ చట్రం త్రీపిన్ ప్లగ్గులోని లావుపాటి మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. అంటే మీరు తీగ ముట్టుకున్నప్పుడల్లా ఆ మూడో పిన్నును ముట్టుకున్నట్లే. గోడలోని సాకెట్‌కు మూడు రంధ్రాలుండి, మూడోదాని వెనుక వైరే లేని ఇళ్ళు మన ప్రాంతంలో నేను చాలా చూశాను. అటువంటి చోట, పరికరంలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల చట్రం మీద సరఫరాలో సగం వరకు, అంటే 115 వోల్టుల దాకా, కనిపించవచ్చు. దాని వెనుక ప్రవాహం అతి స్వల్పం కనుక ప్రస్తుతానికి చీమ కుట్టినట్లే ఉంటుంది. కాని యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే 230 వోల్టులూ చట్రం మీదికి, అక్కడి నుంచి మీ తీగల మీదికి వస్తాయి. ఎర్త్ లేదు కనుక ఫ్యూజు కూడా పోదు. ఎడమ చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉంటే ఆ దారి మీ గుండె మీదుగా పోతుంది. స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో, వేదిక మీద, సరిగా ఎర్త్ కాని మైకును పట్టుకునే చనిపోయాడు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజు-న్యూట్రల్ మధ్య 230 వోల్టులు వస్తే, ఫేజు-ఎర్త్ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకపోవడం మేలు. మీటరు బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) లేకపోతే అదీ పెట్టించండి. మోత తగ్గుతుందని ప్లగ్గులో మూడో పిన్నును విరగ్గొట్టమని సలహా ఇచ్చేవారుంటారు, దయచేసి వినకండి.

ఇందులో మీ ప్రశ్నకు కూడా కొంత సమాధానం ఉంది. తీగల మీద చెయ్యి వేస్తే ‘జీ’ తగ్గుతోందన్నారు. ఇంట్లోని వైర్ల నుంచి వచ్చే విద్యుత్ క్షేత్రాన్ని మన శరీరమే ఏరియల్‌లా పట్టి పికప్‌ల పక్కన నిలబెడుతుంది; తీగలను తాకగానే శరీరం కూడా గిటారు గ్రౌండ్‌తో కలిసి, ఏరియల్ కాస్తా అడ్డుగోడ అవుతుంది. ఎక్కువ సింగిల్ కాయిల్ గిటార్లలో ఇది ఉండేదే. తాకితే శబ్దం పెరిగి ఉంటే జాక్ దగ్గర వైర్లు తారుమారయ్యాయని అనుమానించవలసి వచ్చేది. మీ విషయంలో అది లేదు. ఇల్లు మారితే ‘జీ’ పోతోందంటే తప్పు గిటారుది కాదు.

పావు మలుపు:

పైన చెప్పినదంతా ముందు చేయండి. నేను గిటార్లు బాగుచేస్తూ పాతికేళ్ళు గడిపాను. మీ దుకాణదారు చెప్పిన రెండు మాటల్లో ఒకటి పూర్తిగా తప్పు, రెండోది సగం తప్పు.

పికప్‌లు పోయాయనడం పూర్తిగా తప్పు. 2, 4 స్థానాల్లో మోత అణుగుతోందని మీరే రాశారు. ఆ స్థానాల్లో రెండేసి పికప్‌లు కలిసి పనిచేస్తాయి. మధ్య పికప్‌కు తీగచుట్ట దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ రెండింటినీ తిప్పి పెడితే, తీగల నుంచి వచ్చే సంకేతాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి, బయటి నుంచి వచ్చే మోత మాత్రం ఎదురెదురుగా పడి రద్దవుతుంది. 1954లో వచ్చిన తొలి స్ట్రాట్‌లలో ఈ ఏర్పాటు లేదు. అప్పటి స్విచ్‌కు మూడే స్థానాలు, ఐదు స్థానాల స్విచ్‌ను కర్మాగారంలోనే బిగించడం 1977లో గాని మొదలుకాలేదు. మీ గిటారులో మోత రద్దవుతోందంటే మూడు చుట్టలూ బతికే ఉన్నాయని, వైరింగు సక్రమంగా ఉందని అర్థం. కావాలంటే మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టి, స్విచ్ 1, 3, 5లో ఉండగా, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, జాక్‌లో పెట్టిన కేబుల్ రెండో కొస దగ్గర కొలవండి. ఆరు వేల ఓములకు అటూ ఇటూ వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. తెగిన చుట్టయితే వాల్యూమ్ నియంత్రణ విలువ మాత్రమే, అంటే రెండున్నర లక్షల ఓముల ప్రాంతంలో చూపిస్తుంది.

ఇక ‘గుంయ్’, ‘జీ’ రెండూ వేర్వేరు జబ్బులు. వీటిని ఒకటిగా చూడడం వల్లనే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. ‘గుంయ్’ అనేది 50 హెర్ట్జ్‌ల సరఫరా చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ పట్టుకోవడం వల్ల వచ్చేది. (మన దేశంలో ఈ మోత జి స్వరానికి చాలా దగ్గరగా ఉంటుంది, కనుక జి మేజర్‌లో వాయించేవారికి కొంత కలిసివస్తుంది, 60 హెర్ట్జ్‌ల అమెరికాలో అది ఏ స్వరంతోనూ పొసగదు.) గిటారు లోపల రాగిరేకు అంటించినా, గ్రాఫైట్ రంగు పూసినా ఇది తగ్గదు, ఎందుకంటే అంత పలుచని రాగి ఈ పౌనఃపున్యంలో అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు. మీరు కుర్చీలో కూర్చుని మెల్లగా చుట్టూ తిరిగి చూడండి. ఒకానొక దిశలో మోత దాదాపు మాయమవుతుంది. యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు మీటర్ల దూరంలో, ఆ దిశలో కూర్చోవడమే ఖర్చులేని వైద్యం.

‘జీ’ మాత్రం విద్యుత్ క్షేత్రం వల్ల, మీ పంకా ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ తరంగాన్ని ముక్కలుగా కోయడం వల్ల వస్తున్నది. ఇది రాగిరేకుకు లొంగుతుంది. కెపాసిటర్ రకం రెగ్యులేటర్ పెట్టించుకుంటే మూలంలోనే చాలా తగ్గుతుంది. గిటారు కుహరాలన్నిటికీ రేకు అంటించి, రేకు ముక్కలన్నీ ఒకదానికొకటి కలిసేటట్లు చూసి, ఒకే ఒక వైరుతో గ్రౌండ్‌కు కలపాలి. రేకు ఎక్కడైనా జాక్‌లో సంకేతం వెళ్ళే కొసకు తగిలితే గిటారు మూగబోతుంది. కంగారుపడి పికప్‌లు కాలిపోయాయనుకోకండి.

మెడ విషయం సగం తప్పన్నాను. వంగింది నిజమే, కాని వంచింది ఉప్పుగాలి కాదు, మీరు. 9-42 తీగలు ఆరూ కలిసి స్ట్రాట్ పొడవు మీద మెడను దాదాపు 38 కిలోల బలంతో లాగుతాయి. 10-46 తీగలు దాదాపు 46 కిలోలతో లాగుతాయి. ఎనిమిది కిలోల అదనపు లాగుడుకు మెడ ముందుకు వంగింది, బ్రిడ్జి వెనుక భాగం పైకి లేచింది, అందువల్ల తీగలు ఎత్తయ్యాయి. నట్‌లోని గాడి సన్నని తీగకు కోసినది కనుక లావు జి తీగ అందులో ఇరుక్కుని ‘టిక్’మంటోంది. మీ మూడు ఫిర్యాదులకూ మూలం ఆ కొత్త తీగల పొట్లమే. పైగా తీగ లావైనంత మాత్రాన తుప్పు ఆలస్యంగా పట్టదు.

వరుస తప్పకుండా ఇలా చేయండి. మొదట వెనుక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన కొక్కెం మరలను రెండింటినీ సమానంగా బిగిస్తూ, శ్రుతి సరిచేస్తూ, బ్రిడ్జి చెక్కకు ఆనేవరకు తీసుకురండి. పిడి వాడరు కనుక మీకు అది గాలిలో తేలవలసిన అవసరం లేదు. తరువాత మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టి, ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ పైన ఖాళీ ఎంత ఉందో కొలవండి. అది 0.25 మి.మీ. ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట) కావాలి. టాపెట్లు సరిచేసే ఏ బైకు మెకానిక్ దగ్గరైనా దొరుకుతుంది. ఖాళీ ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీని) కుడివైపుకు పావు మలుపు మాత్రమే తిప్పి, ఒక రాత్రి వదిలి, మళ్ళీ కొలవండి. సరిగ్గా పట్టే కీ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. తల అరిగిపోయిన ట్రస్ రాడ్‌తో వచ్చిన గిటార్లు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మెడ కుదిరాక, పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మి.మీ. ఉండేలా బ్రిడ్జి మీది చిన్న మరలు సరిచేసుకోండి. ఇదంతా వద్దనుకుంటే 9-42 తీగలు తిరిగి వేసి చూడండి. సగం సమస్యలు వాటంతటవే సర్దుకుంటాయి.

రెండు చుట్టలు:

నా పేరు చూసి పొగాకు వ్యాపారి అనుకోకండి. హంబకర్‌లో ఉండేవి రెండు తీగచుట్టలు, అందుకే నేను ఆ పేరు పెట్టుకున్నాను. మీరు ఇప్పుడు ఆలోచిస్తున్న మార్పిడిని నేను ఆరేళ్ళ క్రితం చేశాను కనుక పోలిక చెప్పగలను.

మోత విషయంలో హంబకర్ మాట నిలబెట్టుకుంటుంది. గిబ్సన్ గిటార్ల కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ ఏర్పాటు 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో వచ్చింది, పేటెంటు 1959లో మంజూరైంది. మీ గిటారులో 2, 4 స్థానాలు చేసే పనినే అది ఒకే పికప్‌లో ఎప్పుడూ చేస్తుంది. కాని రెండు చుట్టలూ వరుసగా కలవడం వల్ల, తీగలో రెండు చోట్ల కదలికను ఒకేసారి తీసుకోవడం వల్ల, నాదం చిక్కబడి పైస్వరాల మెరుపు తగ్గుతుంది. మందిరంలో కీబోర్డు, రెండో గిటారు, గాయకబృందం కలిసి ఉన్నప్పుడు నా కొత్త గిటారు మధ్యలో ఎక్కడో మునిగిపోయేది; పాత స్ట్రాట్ తరహాది ఒక్క మీటుతో పైకి తేలేది. ఒంటరిగా ఇంట్లో వాయించుకున్నప్పుడు కొత్తదే బాగుండేది. దుకాణంలో మనం వినేది కూడా ఒంటరి నాదమే కదా, అక్కడే మోసపోతాం.

లెస్ పాల్ తరహా గిటారులో తీగ పొడవు 628 మి.మీ., మీదానిలో 648. అదే తీగకు అక్కడ బిగువు ఆరు శాతం దాకా తక్కువ, అందువల్ల లాగడం సుఖం. బరువు మాత్రం నాదానిది నాలుగు కిలోలు దాటింది. రెండు గంటల ఆరాధన తరువాత ఎడమ భుజం ఆ సంగతి గుర్తుచేసేది. ముఖ్యంగా మీరు గమనించవలసింది జి తీగ. ఆ తరహాలో తల వెనక్కి వాలి, శ్రుతి మరలు అటు మూడు, ఇటు మూడు ఉండడం వల్ల జి తీగ నట్ దాటగానే పక్కకు మళ్ళుతుంది, గాడిలో రాపిడి మరింత పెరుగుతుంది. జి తీగ శ్రుతి తప్పుతోందని దాని మీదికి మారడం పెనం మీది నుంచి పొయ్యిలో పడడమే. తల వాలు వల్ల, కింద పడితే మెడ నట్ వెనుకనే విరిగే ప్రమాదం కూడా ఎక్కువ. మీ గిటారు మెడ నాలుగు మరలతో విడిగా ఊడివస్తుంది.

మోతే భరించలేకపోతే, సింగిల్ కాయిల్ పరిమాణంలోనే ఒకదాని కింద ఒకటి రెండు చుట్టలు పెట్టిన పికప్‌లు దొరుకుతాయి. చెక్క కోయనవసరం లేదు. మెరుపు కొంత తగ్గుతుంది, కాని 22,000 రూపాయలు మిగులుతాయి.

పాలకొల్లు శ్రోత:

నేను వాయించేవాణ్ణి కాదు, వినేవాణ్ణి. మా అబ్బాయి గిటారు మీద కర్ణాటక సంగీతం సాధన చేస్తాడు. మా ఊరివాడైన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలు తీసివేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్‌ను గమకాలకు అనువుగా మలచుకున్న సంగతి అందరికీ తెలిసిందే. గమకానికి తీగను పక్కకు లాగి, మళ్ళీ అదే స్వరస్థానానికి తీసుకురావాలి. నట్‌లో ఇరుక్కునే తీగతో అది అసాధ్యం. మా అబ్బాయి పెన్సిల్ పొడి గాడిలో రాస్తాడు. కొన్నాళ్ళు పనిచేసి మళ్ళీ మొదటికి వస్తోంది. పావు మలుపు గారు నట్ గాడి గురించి చెప్పారు గాని, దాన్ని ఏం చేయాలో చెప్పలేదు. ఇంట్లోనే ఆకురాయితో అరగదీసుకోవచ్చునా?

పావు మలుపు:

చెప్పకపోవడం కావాలనే చేసినదండీ, ఆ పని ఇంట్లో చేయించడం నాకు ఇష్టం లేదు. పెన్సిల్ పొడి గాడిని జారుడుగా చేస్తుంది గాని వెడల్పు చేయదు, అందుకే మీ అబ్బాయికి మళ్ళీ మొదటికి వస్తోంది. గాడిని ఆ తీగ లావుకు సరిపడే సన్నని ఆకురాయితో, తల వైపుకు కాస్త వాలుగా, పక్కలు మాత్రమే తాకేలా రెండు మూడు రుద్దులు రుద్దాలి. అడుగు తగిలితే గాడి లోతై, నొక్కని తీగ మొదటి ఫ్రెట్ మీద జరజరలాడుతుంది, అప్పుడు కొత్త నట్ వేయవలసిందే. అనుభవం ఉన్నవారి చేత చేయించండి. పది నిమిషాల పని.

తీరవాసి:

పద్దెనిమిది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మూడో పిన్ను గారి అనుమానమే నిజం. మేముంటున్న అద్దె ఇంటి హాలులోని సాకెట్లలో మూడో రంధ్రానికి వైరు కలిపే లేదు. ఎలక్ట్రీషియన్ కొలిచినప్పుడు ఫేజు-ఎర్త్ మధ్య 90 వోల్టులు చూపించి, అటూ ఇటూ ఊగిసలాడింది. యజమానితో మాట్లాడి ఎర్త్ వైరు లాగించాము, ఆర్‌సీసీబీ కూడా పెట్టించాము. జివ్వుమనడం పూర్తిగా పోయింది. దానితోపాటు ‘జీ’ కూడా నేను ఊహించనంతగా తగ్గింది, కనుక రాగిరేకు పని ఇంకా మొదలుపెట్టలేదు. ‘గుంయ్’ మాత్రం చెప్పినట్లే ఎక్కడికీ పోలేదు; కుర్చీని కిటికీ వైపు తిప్పుకొని కూర్చుంటే బాగా తగ్గుతోంది. జి మేజర్ పాటలు ఎక్కువ వాయిస్తున్నానని మా ఆవిడ అంటోంది.

మల్టీమీటర్‌లో మూడు పికప్‌లూ 5,700 నుంచి 6,100 ఓముల మధ్య వచ్చాయి. మెడ దగ్గర ఖాళీ 0.55 మి.మీ. ఉంది. రెండు రాత్రులు పావు మలుపు చొప్పున తిప్పాక 0.25కు వచ్చింది. బ్రిడ్జి చెక్కకు ఆనింది, పన్నెండో ఫ్రెట్ దాటాక జరజర లేదు. నట్ పని విశాఖపట్నంలో ఒకరి చేత చేయించాను; నా ముందే, నిజంగానే పది నిమిషాల్లో, 400 రూపాయలకు. 10-46 తీగలే ఉంచుకున్నాను, వాటి నాదానికి అలవాటుపడ్డాను. దుకాణానికి తిరిగి వెళ్ళలేదు.

ఒక్కటి మిగిలింది. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటోంది, పికప్‌ల మధ్యనున్న ఇనుప ముక్కల మీద ఎర్రగా తుప్పు కనిపిస్తోంది. వీటి వల్ల ప్రమాదం ఉందా?

పావు మలుపు:

గరగరకు ఎలక్ట్రానిక్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేను నియంత్రణ లోపలికి ఒక్కసారి కొట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు తిప్పండి. తగ్గకపోతే కొత్తది వేయించండి, సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓములదే అడిగి తీసుకోండి. పికప్ మీది తుప్పు పైపైన ఉన్నంతవరకు నాదానికి నష్టం లేదు, కాని దాన్ని గీకవద్దు. ఆ పొడి అయస్కాంతానికి అంటుకొని సన్నని చుట్ట వైపు జారితే అప్పుడు దుకాణదారు మాట నిజమవుతుంది. జిగురు టేపు అద్ది ఎత్తివేయండి. వాయించడం అయ్యాక తీగల పైనా కిందా పొడిబట్టతో తుడిచి, గిటారును కిటికీ పక్కన స్టాండు మీద కాకుండా, సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టెలో పెట్టుకోండి.